బలపం

"నాసరమ్మ ఎవరు?" అని పిలిస్తే
గుమ్మం బయటే చెప్పులు విప్పింది అమ్మ.
కట్టు కట్టిన ఎడమ చెయ్యి
పసిబిడ్డలా పొట్టకు హత్తుకుని
ఒంగోలు ఆసుపత్రిలో ఆ చల్లటి గదిలోకి వెళ్ళింది.

పెద్దగా పడింది కూడా లేదు.
బిందె ఎత్తబోయి, వాకిట్లో పరిచిన పలకరాయి మీద
తడికి జారి చెయ్యి ఆనించింది, అంతే.
ఎండుపుల్ల విరిగినట్టు వినపడిందట.

ముప్పై ఏళ్ళు మార్కాపురం ఫ్యాక్టరీలో
ఆ చేతుల్తోనే పలకలకు చట్రాలు బిగించింది.
దేశంలో అ ఆలు దిద్దేవాళ్ళంతా మా అమ్మ పలక మీదేనని
బడిలో కోతలు కోసేదాన్ని.
అమ్మకు మటుకు సంతకం ఇప్పటికీ వేలిముద్రే.

నర్సు అడిగింది, నేను చెప్పాను,
అమ్మ పక్కనుంచి దిద్దింది.
పిల్లలు? నలుగురు.
"అయిదుగురు. ఒకడు ఏడవకుండానే పోయాడు, వాణ్ణీ రాయమను."
మొదటి కాన్పు? పదహారు.
పాలు ఎన్నాళ్ళిచ్చారు?
"పెద్దోళ్ళకు రెండేళ్ళు. దీనికే మూడు దాటింది,
వేపాకు రాసినా మానలా."
నర్సు నవ్వింది.
నాకు నోట్లో చేదు తగిలింది.

కడుపుతో ఉన్నప్పుడల్లా కొంగున ముడేసి
బలపాలు తినేదట.
మేస్త్రీ చూస్తే తిడతాడని
పలకల దొంతి చాటున, చప్పుడు కాకుండా.
"నేనా? బిడ్డ అడుగుతుంటే" అనేదట.

ఇప్పుడు తెర మీద నల్లటి పలక,
అందులో తెల్లగా అమ్మ.
నడుం దగ్గర సరిగ్గా కనపడలేదు,
ఎవరో తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ
పని మీద లేచి వెళ్ళినట్టు.

"మేమే తాగేశామా డాక్టరమ్మా?"
ఆమె కళ్ళజోడు తీసింది.
"బిడ్డ పుచ్చుకునేది చేబదులమ్మా.
పాలు మాన్పించాక ఎముక చాలావరకు మళ్ళీ పూడుకుంటుంది.
బలపంలో ఏం లేదులే, అది ఉత్త రాయి.
ముట్లెప్పుడు ఆగాయో చెప్పు."

అమ్మ చెప్పలేదు.
కుచ్చిళ్ళు కాస్త కిందికి జరిపి
బొడ్డు కింద పాత గాటు చూపించింది.

ముప్పై రెండేళ్ళకి.
తెల్లబట్ట అవుతోందని పోతే
"ఉంచుకుంటే పుండవుద్ది, ఇంకా ఆ సంచితో ఏం పని" అన్నారు.
ఫ్యాక్టరీలో అడ్వాన్సు తీసుకుంది.
ఆ ఏడు మా వీధిలో పదకొండుమంది,
ఒకే ఆటోలో ముగ్గురు వెనక్కి వచ్చారు,
గతుకు వచ్చినప్పుడల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.
సంచితోపాటు అండాశయాలూ తీశారని
ఎవరూ చెప్పలేదు.

"ఇరవయ్యారేళ్ళు" అంది డాక్టరమ్మ, లెక్కేసి.
"కాపలా లేని చేనైపోయింది ఒళ్ళు."
మాత్రలు రాసింది, ఎండలో నడవమంది.
ఎండలో నడవమని మా ఊరామెకి చెప్పింది.

చీమకుర్తి దాటేసరికి అమ్మ మూడోసారి అడిగింది:
"అయితే బిడ్డలు కాదన్నమాట?"
కాదమ్మా.
కోపమొస్తే "నా ఎముకలు పీక్కు తిన్నారు గదరా" అనేది.
ఇక ఆ తిట్టు పనికిరాదు.
కొత్తది దొరక్క కాబోలు
పొదిలి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

నా పర్సులో ఒక కాగితముంది, ఆమెకు చెప్పలేదు.
అదే నర్సింగ్ హోము, ఇప్పుడు మూడంతస్తులు.
నాకు ముప్పై మూడు.
శుక్రవారం రావాలట, పరగడుపున.

బస్సు ఊగుతుంటే కాగితం తిప్పి
మోకాలి మీద పెట్టుకుని రాశాను:
ఎందుకు తియ్యాలి?
మందుకి తగ్గదా?
తీస్తే, అండాశయాలు ఉంచుతారా?

అక్షరాలు వంకర్లు పోయాయి.
అమ్మ వంగి చూసింది.
"ఏందే రాస్తుండావ్?"
"అ ఆలు."
మంచి చేత్తో కాగితం అంచు కదలకుండా పట్టుకుంది.
"గట్టిగా దిద్దు" అంది.